అప్పు లేనందుకు రాని గోల్డు కార్డు

కొత్తగా బ్యాంకుల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. మీ సర్వీసులో మిమ్మల్ని బాగా హడలెత్తించిన కేసేమిటి సార్ అని అడుగుతారు. దొంగ సంతకాల గురించో, లాకరు గొడవ గురించో చెబుతానని వాళ్ల ఆశ. అవీ చూశాను. కాని వాటికి పోలీసులున్నారు, ఆడిటర్లున్నారు, మన కంగారు నలుగురికీ పంచే వీలుంది. ఆర్నెల్లపాటు నన్ను ఒంటరిగా వేపుకు తిన్నది ఒక నర్సు గారి క్రెడిట్ కార్డు దరఖాస్తు. చెబితే నవ్వుతారు. నవ్వండి, కాకపోతే పూర్తిగా విన్నాక నవ్వండి.

ముందే చెప్పేస్తున్నాను, నేను పుట్టు కంగారు మనిషిని. ఏలూరు స్టేషన్లో రైలెక్కాలంటే అది విజయవాడలో బయలుదేరకముందే ప్లాట్‌ఫారం మీద ఉంటాను. ఇంటికి తాళం వేసి వీధి మలుపుదాకా వెళ్లి, మళ్లీ వెనక్కొచ్చి తాళం లాగి చూస్తాను. అలాంటివాణ్ణి రెండువేల ఏడు ప్రాంతంలో మా మేనేజరు గారు కార్డుల సెక్షన్లో కూర్చోబెట్టారు. జిల్లా మొత్తానికి మా బ్యాంకులో కార్డుల దరఖాస్తులు తీసుకునేది ఏలూరు బ్రాంచి ఒక్కటే. తీసుకోవడం వరకే మా పని. ఇవ్వాలా వద్దా అన్నది చెన్నైలో ఎవరో తేలుస్తారు. వాళ్ల ముఖం మేమెప్పుడూ చూడలేదు. జనం మాత్రం మా ముఖమే చూస్తారు.

ఆ వానాకాలంలో ఒక రోజు ఆవిడ వచ్చారు. సొంతూరు పెంటపాడు. తాడేపల్లిగూడెం దగ్గర ఒక మిషన్ ఆసుపత్రిలో చాలా ఏళ్లుగా స్టాఫ్ నర్సు. వాళ్ల ఊరివాళ్లలాగే నేనూ ఆవిణ్ణి సిస్టర్ గారూ అనేవాణ్ణి. గొడుగు బయటే పెట్టి, చెప్పుల బురద గోనెపట్టా మీద తుడుచుకుని, టోకెన్ తీసుకుని, పిలిచేదాకా బల్ల మీద కూర్చున్నారు. మా బ్రాంచిలో అలా కూర్చునేవాళ్లు తక్కువ. తిన్నగా నా టేబుల్ మీద వాలిపోవడమే అందరికీ అలవాటు.

ఆవిడ సంగతి ఇదీ. ఆ ఆసుపత్రికి బయటినుంచి వచ్చే డబ్బు ఆగిపోయింది. వార్డులు ఒక్కొక్కటే మూసేస్తున్నారు. మార్చి దాటితే ఆసుపత్రి ఉండదని తేలిపోయింది. పింఛను లేదు. ఇంట్లో తల్లి ఉంది. ఆవిడ పెళ్లి చేసుకోలేదు. ఒక చలిదేశంలో ముసలివాళ్ల ఆసుపత్రివాళ్లు ఆవిణ్ణి ఎంపిక చేసుకున్నారు. అయితే అక్కడ నర్సుగా పనిచెయ్యాలంటే ఆ దేశపు నర్సుల సంఘంలో పేరు నమోదు కావాలి. ఆ ఫీజు ఇంటర్నెట్‌లో, క్రెడిట్ కార్డు మీదే కట్టాలి. డీడీ పనికిరాదు. జనవరి ఆఖరు గడువు. అది దాటితే ఎంపిక రద్దు, మళ్లీ దరఖాస్తు చేద్దామంటే వయసు దాటిపోతుంది. హైదరాబాదులో ఏజెంటు కట్టిపెడతానన్నాడట, కాని సర్టిఫికెట్లు తన దగ్గరే ఉంచమన్నాడు. ఆవిడ తోటి నర్సు ఒకావిడ అలా ఇచ్చి రెండేళ్లుగా తిరుగుతోంది.

మామూలు కార్డు మీద ఆ రోజుల్లో ఇండియా, నేపాల్‌లో మాత్రమే చెల్లును అని అచ్చువేసి ఉండేది. పరదేశంలో చెల్లాలంటే గోల్డు కార్డు కావాలి. ఆవిడ జీతం అందుకు చాలు. దరఖాస్తు నింపి పంపాను. ఇదెంతసేపు సిస్టర్ గారూ, మూడు వారాల్లో ఇంటికొచ్చేస్తుందన్నాను. కంగారు మనిషినైనా ఆ రోజెందుకో ధీమాగా అనేశాను.

కార్డు రాలేదు, జవాబు వచ్చింది. రుణ చరిత్ర చాలనందున ఇవ్వలేము అని ఒకటే వాక్యం. ఆవిడ ఆ కాగితం పట్టుకుని గూడెం నుంచి పాసింజరులో వచ్చారు. ముఖం నల్లబడిపోయి ఉంది. ఎవరో తన మీద లేనిపోనివి రాసి పంపారనుకున్నారు పాపం.

"నాకు ఎవరి దగ్గరా ఒక్క రూపాయి బాకీ లేదండీ" అన్నారు. "మా చర్చి అయ్యగారిని అడగండి. మా వీధి చివర కిరాణా కొట్టాయన్ని అడగండి."

"అదేనండీ ఇబ్బంది" అన్నాను.

దేశంలో ఎవరు ఏ బ్యాంకులో అప్పు తీసుకున్నారో, వాయిదాలు ఎలా కట్టారో రాసిపెట్టుకునే సంస్థ ఒకటి కొత్తగా వచ్చిందని, చెన్నైవాళ్లు అందులో మీ పేరు కొట్టి చూస్తే ఖాళీగా కనిపించిందని, అప్పు తీసుకుని తీర్చినవాణ్ణి నమ్ముతారు గాని అసలు తీసుకోనివాణ్ణి ఎలా నమ్మాలో వాళ్లకి తెలియదని విడమరిచి చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విన్నారు. విని, "అప్పు చెయ్యకపోవడం తప్పా అండీ?" అని అడిగారు. వెటకారం ఏమీ లేదు, నిజంగా తెలుసుకుందామనే. పక్క కౌంటర్లోంచి మా క్యాషియర్ గారు ఇటే చూస్తున్నారు.

ఆయన గురించి చెప్పాలి. క్యాషియర్ గారిదీ గూడెమే. రోజూ రైల్లో వచ్చిపోతారు. సిస్టర్ గారు వెళ్లే చర్చిలోనే సంఘ పెద్ద. నోట్లు లెక్కపెట్టేటప్పుడు పెదాలు కదుపుతారు, మనిషితో మాట్లాడేటప్పుడు కదపరు. అంత మితభాషి. ఆ రోజు ఆవిడ వెళ్లిపోయాక నా దగ్గరికొచ్చి, ఆవిడలాంటి మనిషికి కార్డు ఇవ్వకపోతే ఇంకెవరికి ఇస్తారండీ అని నిలదీసినట్టు అడిగారు. ఇవ్వనిది నేనన్నట్టు.

నాకు తోచిన దారి ఒకటే. చరిత్ర లేదంటున్నారు కదా, చరిత్ర పుట్టిద్దాం. ఫ్రిజ్ కోసమని చిన్న లోను తీసుకోండి, నాలుగైదు వాయిదాలు తప్పకుండా కట్టండి, క్రిస్మస్ అవగానే మళ్లీ దరఖాస్తు పెడదాం అన్నాను. మాకు ఫ్రిజ్ అక్కర్లేదండీ, మా అమ్మ చల్లటిదేదీ తాగదు అన్నారు. అయినా తీసుకోండి అన్నాను. తీసుకున్నారు. ఆ ఫ్రిజ్ కొన్నాళ్లు వాళ్లింట్లో బట్టలు పెట్టుకోవడానికి పనికొచ్చిందని తరవాత తెలిసింది.

లోన్ల సెక్షన్ వేరు, నా సెక్షన్ వేరు. నెల తిరిగేసరికి నాకు గుబులు పట్టుకుంది. వాయిదా పడిందా, ఒక్కరోజు ఆలస్యమైనా ఇంతపనీ వృథా కదా అని. క్యాషియర్ గారిని అడిగితే ఆయన ముఖం ముడుచుకున్నారు. సిస్టర్ గారు డబ్బు కట్టారా లేదా అని కూడా వాకబు చేస్తారా అండీ మీరు అన్నారు. పెద్దమనిషి నొచ్చుకున్నాడే అని నాకే సిగ్గేసింది. మరి అడగలేదు. నా జీవితంలో కంగారు పడకుండా ఊరుకున్నది అదొక్కసారే. సరిగ్గా అక్కడే కొంప మునిగింది.

క్రిస్మస్ వెళ్లింది, రెండో దరఖాస్తు వెళ్లింది, జనవరి సగంలో జవాబు వచ్చింది. మళ్లీ అదే వాక్యం. చెన్నైకి ఫోన్ చేసి అరిచినంత పని చేశాను. అవతల ఒక అమ్మాయి తాపీగా, ఆ లోను మొదటి నెలలోనే ముగిసిపోయింది సార్, ఒక్క నెల చరిత్ర మాకు సరిపోదు అంది.

లోన్ల సెక్షన్‌కి పరిగెత్తి చూశాను. నిజమే. ఒక్క వాయిదా కట్టి, ఆ వెంటనే ఒక శనివారం నాడు మొత్తం అప్పు, ముందుగా తీర్చినందుకు జరిమానాతో సహా కట్టేశారు. కట్టించుకున్నది మా క్యాషియర్ గారు. రసీదు మీద ఆయన ముత్యాల్లాంటి సంతకం.

"ఎందుకు కట్టించుకున్నారండీ?" అన్నాను.

"అప్పు తీరుస్తానంటే వద్దంటామా అండీ?" అన్నారాయన. తరవాత అసలు సంగతి చెప్పారు. వాళ్ల చర్చిలో నెలకి మొదటి ఆదివారం ప్రభువు బల్ల. యేసు ఆఖరి భోజనానికి గుర్తుగా రొట్టె, ద్రాక్షరసం వరసల్లోకి పంపుతారు. సిస్టర్ గారి అమ్మమ్మ నాటి నుంచి వాళ్లింట్లో ఒక ఆనవాయితీ. ఎవరికైనా బాకీ ఉండి బల్లకి వెళ్లకూడదు. చేబదులు, పాలవాడి లెక్క, కొట్టు ఖాతా, ఏదున్నా శనివారం సాయంత్రానికి చెల్లగొట్టేస్తారు. సంఘంలో అందరూ అలా చెయ్యరు, ఆ ఇంటివాళ్లే చేస్తారు. అందుకే ఆవిడంటే ఊళ్లో అంత గౌరవం. ఇక ఫ్రిజ్ లోను ఆవిడ నెత్తిన పెట్టుకుని బల్ల దగ్గరికి ఎలా వెళ్తారు? దాచుకున్న డబ్బు ఉండనే ఉంది. తెచ్చి కట్టేశారు. ఆ డబ్బు లెక్కపెడుతూ క్యాషియర్ గారు మనసులో దేవుణ్ణి స్తుతించారట.

నాకు కోపం వచ్చింది, నవ్వు వచ్చింది, ఆ రెండింటి వెనకాల భయం వచ్చింది. గడువు ఇంకా రెండు వారాలుంది. మూడో దరఖాస్తుకి టైము లేదు. నా స్టాఫ్ కార్డు నేపాల్ దాకానే. మేనేజరు గారికి గోల్డు కార్డుంది. మొహమాటం వదిలి అడిగాను. ఖాతాదారుల లావాదేవీలకి ఉద్యోగులు సొంత కార్డు వాడరాదని సర్క్యులర్ ఉందన్నారు. ఉంది నిజమే, ఆ సర్క్యులర్ అందరికీ చదివి వినిపించింది నేనే.

సిస్టర్ గారికి ఈ కబురు చెప్పడానికి నేనే గూడెం వెళ్లాను. వార్డులో ఎవరికో కట్టు కడుతున్నారు. పూర్తయ్యేదాకా ఆగి వరండాలో చెప్పాను. ఆవిడ గోడకి ఆనుకుని నిలబడి, "అయితే నేనే చెడగొట్టుకున్నానా అండీ?" అన్నారు. కాదండీ, ముందుగా తీర్చకూడదని చెప్పాలని మాకెవరికీ తోచలేదు అన్నాను. ఆ వరండాలో అప్పటికే సగం మంచాలు తీసేశారు. ఖాళీ అయిన చోట నేల రంగు వేరేగా ఉంది.

ఆ రాత్రి మా ఆవిడ అడిగింది, పోనీ మీకు తెలిసినవాళ్లలో ఎవరికీ ఆ కార్డు లేదా అని. అప్పుడు గుర్తొచ్చాడు మండవల్లి ఆసామి.

ఆయనకి కొల్లేటి గట్టున చేపల చెరువులున్నాయి. మా బ్రాంచిలో ట్రాక్టరు లోనుంది. ఇంకా ఎన్ని బ్యాంకుల్లో ఎన్ని లోన్లున్నాయో ఆయనకే సరిగ్గా తెలియదు. మేతకి అప్పు, జీపుకి అప్పు, అప్పు మీద వడ్డీ కట్టడానికి అప్పు. వాయిదా నెల ఆలస్యంగానైనా, అపరాధ వడ్డీతో సహా తెచ్చి పడేస్తారు. ఆయన్ని చూస్తే కార్డులవాళ్లకి ప్రాణం లేచొస్తుంది. వేరే బ్యాంకువాళ్లు అడక్కుండానే గోల్డు కార్డు ఇంటికి పంపారు. ఒకసారి నా టేబుల్ మీద పెట్టి, ఇదేదో పంపారండీ, దేనికి పనికొస్తుంది అని అడిగారు. ఒక్కసారి కూడా వాడలేదు. ఫోన్ చేస్తే, దానికేం భాగ్యం, తీసుకురండి ఆ అమ్మాయిని అన్నారు. పైగా ఆయన కార్డు, ఆయన ఇష్టంతో, ఆయన ముందే వాడితే ఏ సర్క్యులరూ అడ్డురాదు.

గడువుకి ఒక్క రోజు ముందు సెలవు పెట్టి, సిస్టర్ గారిని తీసుకుని ఏలూరులో బస్సెక్కాను. పొద్దున్నుంచి ఆసామి ఫోన్ మోగుతోంది గాని ఎత్తడం లేదు. కైకలూరు దాకా దారికి రెండు వైపులా చెరువులే, వాటి గట్ల మీద కొంగలే. ఆవిడ కిటికీ లోంచి వాటిని చూస్తున్నారు. నేను వాచీ చూస్తున్నాను. కైకలూరులో ఇంటర్నెట్ సెంటరు ఉందని ముందే కనుక్కున్నాను. మధ్యాహ్నం రెండింటికి కరెంటు కోత అని కూడా కనుక్కున్నాను. కనుక్కోకపోయినా బాగుండేది.

మండవల్లిలో ఆటో మాట్లాడుకుని వెళ్లేసరికి చెరువు మీద చేపల పట్టుబడి జరుగుతోంది. ఆసామి మోకాలి లోతు బురదలో నిలబడి వల లాగిస్తున్నారు. బొచ్చెలూ శీలావతులూ ఎగిరి పడుతున్నాయి. గట్టు మీద చేపల్ని హౌరా తీసుకెళ్లే లారీ నిలబడి ఉంది. మమ్మల్ని చూసి నవ్వుతూ పైకొచ్చారు. కార్డు అడిగితే చొక్కా జేబు తడుముకుని, జీపులో ఉండిపోయిందండీ అన్నారు. జీపేదీ? ఐసుకి వెళ్లింది. ఎప్పుడొస్తుంది? వస్తుంది. కొల్లేటి గట్టు మీద ఈ వస్తుంది అన్న మాటకి అర్థం ఏమిటో చెప్పగలిగిన మనిషి ఇంతవరకూ నాకు తగల్లేదు.

గట్టు మీద మేత బస్తాల మీద కూర్చున్నాం. నేను లేచి నిలబడుతున్నాను, కూర్చుంటున్నాను. ఆవిడ నిమ్మళంగా ఆసామిని అడిగారు, ఇన్ని అప్పులు పెట్టుకుని మీకు భయం వెయ్యదా అండీ అని.

"భయం లేకేం చెల్లెమ్మా" అన్నారాయన. "తెల్లారి లేస్తే ముందు చెరువు మీదే చూపు, చేప చచ్చి తేలిందేమోనని. కాని అప్పు లేకుండా చెరువు తవ్వినోణ్ణి ఈ చుట్టుపక్కల నేను చూళ్లేదు. మనల్ని నమ్మి ఒకడిచ్చాడంటే అదీ ఒక మర్యాదేగా."

ఆ మాట ఆవిడకి ఎక్కడో తగిలిందని ముఖం చూస్తే తెలిసింది.

జీపు వచ్చింది, అందులో కార్డుంది. ఐసు దించేదాకా కూడా ఆగకుండా ఆసామితో కలిసి అదే జీపులో, ఐసు మధ్య మేము కూర్చుని, కైకలూరు చేరేసరికి ఒంటిగంట దాటింది. సెంటరు నడిపే అమ్మాయి వెబ్‌సైటు తెరిచింది. సిస్టర్ గారు తన వివరాలన్నీ చెబుతుంటే కొట్టింది. కార్డు నంబరు కొట్టింది. కార్డు వెనకవైపు ఉండే మూడంకెలు కావాలంది వెబ్‌సైటు. కార్డు తిప్పి చూశాను. జీపులో ఎండకీ, జేబులో చెమటకీ ఆ అంకెలు అరిగిపోయాయి. చివరిది మూడో ఎనిమిదో తెలియడం లేదు. ఎనిమిది అనుకుని కొట్టాం. తిరస్కరించబడింది అని ఎర్ర అక్షరాలు. తప్పు ఇంకోసారి కొడితే కార్డే ఆగిపోతుందేమోనని నేను అమ్మాయి చెయ్యి పట్టుకున్నంత పని చేశాను.

సిస్టర్ గారు కార్డు తీసుకుని వాకిట్లోకి వెళ్లారు. జ్వరం థర్మామీటరు చూసినట్టు వెలుగులో అటూ ఇటూ తిప్పారు. లోపలికొచ్చి, మూడేనండీ, రెండో వంపు కింద కొంచెం తెరిపి ఉంది అన్నారు. మూడు కొట్టాం. తెర మీద గుండ్రం తిరుగుతోంది. తిరుగుతూనే ఉంది. రెండవడానికి పది నిమిషాలుంది. అప్పుడు పేజీ మారింది. మీ చెల్లింపు అందింది అని వచ్చింది. ఆ అమ్మాయి ప్రింటు తీస్తుండగానే ఫ్యాన్ ఆగింది. కాగితం మాత్రం బయటికొచ్చేసింది.

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. ఆసామి నా వీపు తట్టి టీ చెప్పారు.

సిస్టర్ గారు సంచీలోంచి డబ్బు తీశారు. "ఎంత ఇమ్మంటారండీ?"

ఫీజు వాళ్ల దేశపు డబ్బులో పడింది. అది రూపాయల్లో ఏ రేటుకి పడుతుందో, దాని మీద కార్డువాళ్లు ఎంత వేసుకుంటారో బిల్లు వస్తే గాని తెలియదు. ఉజ్జాయింపుగా ఇచ్చేస్తాను, మిగిలితే ఉంచుకోండి అన్నారావిడ. ఆసామి ఒప్పుకోలేదు.

"తక్కువైతే మీరు బాధపడతారు, ఎక్కువైతే ఆ పాపం నాకు. ఎంతో తేలకుండా డబ్బు ముట్టుకోనమ్మా. బిల్లు రానివ్వండి."

ఎంత బతిమాలినా వినలేదు. జీవితమంతా అప్పుల్లో ఈదిన మనిషి, ఆ ఒక్క చోట గీత గీసుకుని నిలబడ్డాడు. ఆవిడ డబ్బు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయారు. పని అయిపోయిన సంతోషంలో నాకు ఆ ముఖం అర్థం కాలేదు. బస్సులో తిరిగొస్తుంటే చెప్పారు, వచ్చే ఆదివారం బల్ల ఉందండీ అని.

అప్పుడర్థమై నా సంతోషమంతా నీరుగారిపోయింది. పోనీ ఆ డబ్బు నా దగ్గర ఉంచండి, ఇచ్చినట్టే కదా అన్నాను. నేను మీకు బాకీ లేను కదండీ అన్నారు. ఆయన కార్డువాళ్లకి ఫోన్ చేసి అడుగుదామన్నాను. ఆసామి చేత చేయించాను కూడా. ఫోన్లో చెప్పే రహస్య నంబరు ఆసామికి గుర్తులేదు. వేరే బ్యాంకు కనక నా కంప్యూటర్లో కనబడదు. బిల్లు రావడానికి నెల పైనే పడుతుంది. ఏం చేస్తాం.

సోమవారం క్యాషియర్ గారు చెప్పారు. రొట్టె పళ్లెం సిస్టర్ గారి దాకా వచ్చింది, ఆవిడ ముట్టకుండా పక్కనున్న తల్లికి అందించారు. ద్రాక్షరసమూ అంతే. ఆవిడ బల్ల తీసుకోకపోవడం ఆ చర్చిలో ఎవరూ చూసి ఎరగరు. తీసుకోలేదంటే ఏదో చెయ్యకూడనిది చేసినట్టే లెక్క. వారం తిరక్కుండా ఊరి నోళ్లు లేచాయి. ఆసుపత్రి డబ్బు ఏదో అటూ ఇటూ అయిందన్నారు. ఎవరో మగవాడితో కైకలూరు బస్సు దిగడం చూశామన్నారు. ఆ మగవాణ్ణి నేనే. తల్లి ఆవిడతో మాట్లాడ్డం మానేసింది.

క్యాషియర్ గారు అసలు సంగతి నలుగురిలో చెబుతానన్నారట. సిస్టర్ గారు ఒట్టు వేయించుకుని మరీ వద్దన్నారు. ఎందుకని నేనూ అడిగాను. దానికి ఆవిడ చెప్పిన జవాబు ఇదీ.

"మా చర్చిలో సగం మంది కౌలు రైతులండీ. పంట చేతికొచ్చేదాకా అందరివీ అప్పులే. అప్పుందని నేను బల్ల మానేశానంటే వాళ్లు రేపు ఏ ముఖంతో వస్తారు? మా ఇంటి నియమం మా ఇంటికే. నన్ననుకుంటే అనుకోనివ్వండి."

నేను రోజూ ఆసామికి ఫోన్ చేసేవాణ్ణి, బిల్లు వచ్చిందా అని. ఆయన చిరునామా కొల్లేటికోటలో అన్నగారి ఇల్లు. టపా అక్కడికి వెళ్లి, ఎవరో ఇటు వచ్చేటప్పుడు పట్టుకురావాలి. నా ఫోను చూస్తే ఆయన హలో బదులు రాలేదండీ అనేవారు. అటు నర్సుల సంఘం నుంచి నమోదు ఖాయమైంది. వీసా వచ్చింది. ఏప్రిల్‌లో ప్రయాణం. ఆసుపత్రి తలుపులు మూతపడే రోజు దగ్గరికొచ్చింది. ఊరు విడిచి వెళ్లేది ఇలా మాట పడ్డ మనిషిగానా అని నాకు నిద్రపట్టేది కాదు.

మార్చి మొదటి ఆదివారం వచ్చింది, బిల్లు రాలేదు. సోమవారం క్యాషియర్ గారు మామూలుగా వచ్చి మామూలుగా క్యాష్ తెరిచారు. నేనే ఆగలేక వెళ్లి అడిగాను, నిన్న కూడా ఆవిడ తీసుకోలేదా అని. తీసుకోలేదన్నారు. చేతిలో కట్ట పక్కన పెట్టి, "నేనూ తీసుకోలేదండీ" అన్నారు.

నాకు అర్థం కాలేదు.

"ఆ లోను ముందే కట్టించుకున్నది నేనేనండీ. ఆగండి, కార్డుల ఆఫీసరు గారిని ఒక్కమాట అడుగుదాం అని నాకు తోచి ఉంటే ఆవిడకి ఇదంతా లేకపోను. నేనూ ఆవిడకి బాకీయే. పెద్దల వరసలో కూర్చుని పళ్లెం పక్కకి ఇచ్చేశాను. అయ్యగారు నా వంకే చూశారు. చూడనివ్వండి."

మళ్లీ కట్ట తీసుకుని లెక్కపెట్టడం మొదలుపెట్టారు. పెదాలు మాత్రం కదలలేదు, లెక్క తప్పి మళ్లీ మొదటికొచ్చారు. ఆ ఆదివారం తరవాత ఊళ్లో మాటలు ఆగిపోయాయట. సంఘ పెద్దే పళ్లెం పక్కకిచ్చాక సిస్టర్ గారిని ఒక్కరినీ అనడానికి ఎవరికీ నోరు రాలేదు. వాళ్లమ్మ కూతురికి మళ్లీ అన్నం వడ్డించిందని క్యాషియర్ గారే చెప్పారు.

నెలాఖరు శనివారం ఆసామి తనే ఏలూరు వచ్చేశారు. బిల్లు కవరు విప్పను కూడా లేదు, మీరే చూడండి అని నా టేబుల్ మీద పెట్టారు. సిస్టర్ గారికి కబురు పంపితే మధ్యాహ్నం పాసింజరుకి వచ్చారు. పైసలతో సహా లెక్క తేల్చి కట్టారు. ఆసామి చిల్లర దాకా తీసుకుని, కళ్లకద్దుకుని జేబులో వేసుకున్నారు. క్షేమంగా వెళ్లి రండి చెల్లెమ్మా, అక్కడ మన చేప దొరకదంటారు, జాగ్రత్త అన్నారు.

ఆవిడ లేచి వెళ్లబోతూ ఆగి, నన్ను అడిగారు. "ఇంత పెద్ద అప్పు చేసి తీర్చాను కదండీ. ఇప్పుడు నా పేరు మీద చరిత్ర వచ్చినట్టేనా?"

అబద్ధం చెబుదామా అనిపించింది. కాని బ్యాంకు మనిషిని. "లేదండీ సిస్టర్ గారూ. అదంతా ఆయన పేరు మీదే రాసుకుంటారు. ఆ కంప్యూటర్ లెక్కలో మీరు ఇప్పటికీ ఎవరి దగ్గరా సరిగ్గా అప్పు చెయ్యని మనిషే."

ఆవిడ నవ్వారు. ఆర్నెల్లలో ఆవిడ నవ్వు చూడ్డం నాకదే మొదలు. పక్క కౌంటర్లో క్యాషియర్ గారి వైపు కూడా ఓసారి చూసి, గొడుగు చేతిలోకి తీసుకున్నారు.

"మంచిదేనండీ. వచ్చే ఆదివారం బల్లకి అలాగే వెళ్తాను."